పచ్చ చుక్కలు

"ఇవాళ పచ్చ ఏమన్నా తగ్గిందామ్మా?"

గుమ్మంలోంచే అడిగాడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నేరుగా ల్యాబుకు వచ్చాడు. రోజూ అంతే.

"ఇంకా నేనే చూడలేదు. లోపలికి రండన్నా," అంది సైంటిస్టు, గదిలో లైటు ఆర్పుతూ.

అతని పాప శ్వాసనాళం నుంచి తీసిన కణాలను ఆమె గాజు గిన్నెల్లో పెంచుతోంది. వాటి మీద కొత్త మందు పరీక్షిస్తోంది. అప్పుడప్పుడు కొన్నింటికి రంగు పట్టించి చూస్తుంది. ఒక రంగు వైరస్ సోకిన కణాలనే పట్టుకుని, మైక్రోస్కోపు కింద పచ్చగా వెలుగుతుంది. ఇంకో రంగు ప్రతి కణం నడిబొడ్డునా నీలంగా మెరుస్తుంది. మొదటి రోజే ఇదంతా అతనికి విడమరిచి చెప్పింది.

"రోడ్డు మీద పచ్చలైటు కోసం చూసీ చూసీ కళ్ళు కాయలు కాస్తాయి. ఇక్కడ పచ్చ కనపడితే గుండె గుభేలుమంటోందమ్మా," అన్నాడు ఆ రోజు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఆమె వంగి చూసింది. స్లైడును ఈ మూలకీ ఆ మూలకీ జరిపింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఏమైందమ్మా? పెరిగిందా?"

"మీరే చూడండి."

అతను ఒక కన్ను మూసి వంగాడు. చీకట్లో నీలం చుక్కలు. ఎటు జరిపినా నీలమే.

"పచ్చ ఏదీ?"

"లేదన్నా. మందు పనిచేసింది. కానీ ఇది గిన్నెలో సంగతి. మనుషులకి ఇవ్వాలంటే ఇంకా చాలా పరీక్షలు..."

"మీకది గిన్నెమ్మా. నాకు నా బిడ్డ."

అతను ఫోన్ తీసి భార్యకు కలిపాడు.

"ఏమే, వింటున్నావా? మన చిట్టితల్లికి నయమైందే! నా కళ్ళతో నేను చూశా. ఒక్క పచ్చ చుక్క లేదు."

అవతల ఏడుపు ఈ గదిలోకి వినిపించింది.

"ఊరుకోవే పిచ్చిదానా. రేపు నువ్వూ రా, చూద్దువుగాని."

ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఎంతకీ తల ఎత్తలేదు. ఆమె లైటు వేయలేదు.

పాప పోయి అప్పటికే రెండు నెలలు దాటింది.