కుడి చెయ్యి

కుప్పమ్మను జుట్టు పట్టుకుని గుడిసెలోంచి వీధిలోకి ఈడ్చుకొచ్చాడు గిరిప్రసాద్. ఎడమచేత్తోనే ఈడ్చాడు. కుడిచెయ్యి పక్కన ఊరికే వేలాడుతోంది. పన్నెండు రోజులుగా అందులో చలనం లేదు.

కరెంటు స్తంభం దగ్గర ఆమెను పడేసి, నడుములో దోపుకున్న గుడ్డబొమ్మను లాగి ముఖం మీద కొట్టాడు. జానెడు బొమ్మ. దాని కుడిచేతి నిండా సూదులు.

“మా ఇంట్లో, బియ్యం డ్రమ్ము ఎనకాల దొరికింది ఇది. ఎవురు చేసినారో చెప్పవే ముసలిదానా!”

“నాకేం తెలుసు నాయనా? పిల్లోళ్ళకు దిష్టి తీసేదీ, దారం కట్టేదీ తప్ప నాకేమొచ్చు?”

డొక్కలో తన్నాడు. ఆమె ముడుచుకుపోయింది. మళ్ళీ తన్నాడు.

పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో కుప్పమ్మ చేత దారం కట్టించుకోని బిడ్డ లేదు. ఆ బిడ్డల తల్లులు ఇప్పుడు గడపల్లో నిలబడి చూస్తున్నారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. “పోలీసులకు చెప్పండప్పా” అని ఒక ఆడగొంతు వినిపించింది. ఎవరూ కదల్లేదు.

గిరిప్రసాద్ భార్య అమల పరుగెత్తుకొచ్చి అతని కాళ్ళు పట్టుకుంది. “ఇడిసిపెట్టు. ముసిల్ది, సచ్చిపోతాది!”

ఆమెను ఎడమచేత్తో ఒక్కటి చరిచాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. అక్కడే కూలబడిపోయింది.

“తిరపతి డాక్టరు నరం నొక్కుకోనుండాది అన్నాడు. పదైదు వేలు పోసినా ఏలు కదల్లేదు. బొమ్మ దొరికినాకనే తెలిసింది నాకు.” కుప్పమ్మ చేతివేళ్ళ మీద చెప్పు కాలు పెట్టి నలిపాడు. ఏదో విరిగిన చప్పుడైంది. “చెప్పు! నువ్వేనా?”

కుప్పమ్మ దుమ్ములో పడి ఉన్న బొమ్మను చూసింది. ఆమె చూపు దాని కుట్ల మీద ఆగింది.

“నేనే చేసినా” అంది.

వీధి అంతా గుసగుసలాడింది.

“ఎందుకు చేసినావే?”

“పోయిన నెల నా మేక నీ తోటలో పడిందని దాని కాళ్ళు ఇరగ్గొట్టినావే. ఆ చేత్తోనే.”

గిరిప్రసాద్ పిచ్చిపట్టినట్టు తన్నాడు. ఊరి పెద్ద మునిరామయ్య అడ్డం వచ్చి అతన్ని వెనక్కి లాగాడు.

“తంతే పొయ్యేది కాదప్పా ఇది. పళ్ళు పెరికేయల్ల. పళ్ళు లేకుంటే మంత్రం పలకదు. మా నాయన కాలంలో అట్లనే చేసినారు.”

ఆటో నడిపే రూపేష్ వెళ్ళి కటింగ్ ప్లేయరు తెచ్చాడు.

“ముందు మంత్రం కట్టు ఇప్పించు పెద్దాయనా. పళ్ళు పోయినాక ఎట్ల ఇప్పుతాది?” అన్నాడు.

అందరికీ అది సబబుగానే తోచింది. కుప్పమ్మను లేపి స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, బొమ్మను ఒళ్ళో పెట్టారు. నలిగిన వేళ్ళను వదిలేసి, రెండో చేత్తో ఒక్కో సూదీ లాగింది. ఏదో గొణుగుతూనే ఉంది. ఏడు సూదులు. ఏడోది వచ్చేసరికి గిరిప్రసాద్ చిటికెనవేలు వణికింది.

“కదిలింది! సూడండి, కదిలింది!” అని చిన్నపిల్లాడిలా కేకేశాడు.

ఉంగరపు వేలు కూడా కదిలింది. వీధిలో కొందరు చేతులెత్తి దణ్ణం పెట్టారు. మునిరామయ్య బొమ్మ మీద కిరసనాయిలు పోసి అంటించాడు.

“ఇంక కానీయండి” అన్నాడు.

ఇద్దరు భుజాలు అదిమి పట్టారు. మునిరామయ్య తల పట్టుకున్నాడు. కుప్పమ్మకు అప్పటికే ముందరి పళ్ళు నాలుగే మిగిలి ఉన్నాయి. మొదటిది ఊడేదాకా ఆమె కేకలు పెట్టింది. తరవాతి మూడింటికీ ఆమెలోంచి గొంతే రాలేదు. రూపేష్ ప్లేయరును పంచెకు తుడుచుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

జనం ఎవరి పనికి వాళ్ళు పోయారు. గిరిప్రసాద్ పిడికిలి ముడుస్తూ, విప్పుతూ రూపేష్ ఆటో ఎక్కాడు.

“కాణిపాకం పోయి టెంకాయ కొట్టొస్తా” అని అమల వైపు తిరిగాడు. “నువ్వు ఇంటికాడే ఉండు. పన్నెండు దినాలుగా నీకు సరిగ్గా దెబ్బలు పడలేదు కదా. వస్తా ఉండు.”

ఆటో మలుపు తిరిగింది. అమల చెంబుతో నీళ్ళు తెచ్చి కుప్పమ్మ నోటి దగ్గర పెట్టింది. చెంబులో నీళ్ళన్నీ ఎర్రగా అయ్యాయి. కొంగుతో గడ్డం తుడవబోయి, తుడవలేక ఏడ్చేసింది.

“అవ్వా... ఆ బొమ్మ కుట్టింది నేను.”

“తెలుసు.” ఆ మాటలో సగం గాలే వచ్చింది. “నా రవికెలు కుట్టేది నువ్వే కదమ్మా. నీ కుట్టు నాకు తెలీదా?”

“తెలిసి ఎందుకు ఒప్పుకుంటివి?”

“నీ పేరు చెప్పుంటే ఈపొద్దుకు నిన్ను సంపేసుంటాడు.”

“ఆ చెయ్యి పడిపోతే కొట్టడనుకున్నా అవ్వా. అంతే అనుకున్నా. ఇప్పుడు మళ్ళా వచ్చేసె...”

కుప్పమ్మ నోట్లోని రక్తం పక్కకు ఉమ్మింది. విరిగిన వేళ్ళతోనే అమల తలను దగ్గరికి లాక్కుని, చెవిలో మెల్లగా చెప్పింది.

“ఇంకొకటి కుట్టు తల్లీ. ఈసారి చేతికి వద్దు... గుండెకు గుచ్చు.”