నల్ల సరస్సు మాత్రం వద్దు

"నేను బతికుండగా నల్ల సరస్సు ఒడ్డున డేరా వెయ్యనివ్వను" అంది ఆల్డోనా.

ఊరి గాయక బృందం రెండు రోజులు అడవిలో మకాం వేసి సాధన చేస్తే బాగుంటుందని పాటలు నేర్పే విక్తోరస్‌కు తోచింది. ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చుకోవడానికి ఇరవై మందీ సాంస్కృతిక భవనంలో చేరి పావుగంటైనా కాలేదు. అతను బోర్డు మీద "నల్ల సరస్సు, సెప్టెంబరు రెండో శనివారం" అని రాశాడు. అంతే, ఆల్డోనా గుండెల్లో రాయి పడింది.

ఆ సరస్సు అవతలి ఒడ్డున పుట్టగొడుగులు లేస్తాయి. అలాంటి ఇలాంటివి కావు. గోధుమరంగు టోపీలతో, పిడికిలంత కాడలతో, సరిగ్గా సెప్టెంబరు వానలకు. తల్లి పోయేముందు చెవిలో చెప్పిన చోటు అది. ఆల్డోనా కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నకూతురికీ ఇంకా చెప్పలేదు. ఈ ఊళ్ళో మనిషి తన పాపాలైనా ఫాదరుకు చెప్పుకుంటాడు గానీ పుట్టగొడుగుల చోటు మాత్రం చెప్పడు. ఎదుటివాళ్ళు అడగరు కూడా. ఇప్పుడు ఇరవై జతల కాళ్ళు అక్కడ తిరిగాయంటే, ఇన్నేళ్ళు దాచుకున్నది కాస్తా ఊరుమ్మడి సొత్తయిపోతుంది.

"ఎందుకు వద్దో చెప్పండి పిన్నీ" అన్నాడు విక్తోరస్.

"పిడుదులు. కాలు పెడితే తొడ దాకా పాకి రక్తం పీలుస్తాయి."

"పిడుదులు లేని అడవి ఎక్కడుంది?"

"అడవిపందులు కూడా ఉన్నాయి."

"మీ గొంతు విన్నాక అవి ఈ జిల్లాలోనే ఉండవు లెండి."

అందరూ నవ్వారు. ఆల్డోనాకు చిర్రెత్తుకొచ్చింది. "నిన్నగాక మొన్న పట్నం నుంచి దిగావు. మా అడవి సంగతి నువ్వు మాకు చెప్పొచ్చావా? అంత సరదాగా ఉంటే జూన్‌లో పెట్టుకో, నేనే ముందొస్తా."

జూన్‌లో అందరికీ గడ్డి కోతలుంటాయనీ, తేదీ మారేది లేదనీ అతను పుల్ల విరిచినట్టు చెప్పాడు. నల్ల సరస్సు చెరిపేసి "మిల్లు వాగు" అని రాశాడు. ఆల్డోనా హమ్మయ్య అనుకునేలోపే, అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న లియోనస్ ఒంటికాలి మీద లేచాడు. వాగు దగ్గర దోమలు మనిషిని ఎత్తుకుపోతాయన్నాడు, నేల అంతా ఊబి అన్నాడు, ముప్పై ఏళ్ళుగా చర్చి గంట కొడుతున్న తన మాటకు విలువ లేకపోతే రేపటినుంచి గంట కొట్టనన్నాడు. సరే, నక్కల గుట్ట అన్నాడు విక్తోరస్. ఈసారి లియోనస్ పక్కన కూర్చున్న జీతా వంతు. పైన నీళ్ళు లేవనీ, కింద పాములున్నాయనీ మొదలుపెట్టి, అక్కడికే పోవాలంటే తాను బృందంలోంచే తప్పుకుంటానంది. పాములా, ఎక్కడా చూడలేదే అని లియోనస్ నోరు జారాడు. నువ్వక్కడ తిరగడానికి నీకేం పని అని జీతా అతని మీద పడింది. అక్కడినుంచి తాతలనాటి గట్టు తగాదాల దాకా వెళ్ళారు. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు కుర్చీలు దూరం జరుపుకున్నారు.

ఆల్డోనాకు మాత్రం లోలోపల సంబరంగా ఉంది. పట్నం వాడి పెత్తనం తనకొక్కదానికే కాదు, ఊరందరికీ ఒళ్ళు మండిస్తోందన్నమాట. తన వెనక ఇంతమంది ఉన్నారని ఆమె అనుకోలేదు.

విక్తోరస్ సుద్దముక్క బల్ల మీదికి విసిరేశాడు. "మీకు చెట్టున్న చోటల్లా తప్పే కనిపిస్తోంది. పోనీ, పంటలకు మందు చల్లే విమానాలు ఒకప్పుడు దిగిన పాత మైదానం ఉంది. చెట్టూ లేదు, చేమా లేదు. అక్కడ పడుకుంటారా?"

వెటకారంగానే అన్నాడు. కానీ ఇరవై చేతులూ ఒక్కసారి లేచాయి. ఆల్డోనా అక్కడితో ఆగలేదు. ఆ రెండు రోజులూ మైదానం వదిలి ఎవరు కదిలినా వాళ్ళ పేరు బృందంలోంచి కొట్టెయ్యాలని పట్టుబట్టింది. దానికీ ఎవరూ కాదనలేదు. మీ ఖర్మ అంటూ విక్తోరస్ తేదీ కింద రెండు గీతలు గీసి, వండిపెట్టే పని మాత్రం తన మీద వేసుకున్నాడు.

రెండో శనివారం మైదానంలో గాలి డేరాలను పీకేస్తోంది. అంతకు ముందు మూడు రోజులు మంచి వాన పడింది. ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. జీతా పాడితే లియోనస్ చెవులు మూసుకున్నాడు, లియోనస్ పాడితే జీతా దగ్గింది. ఆల్డోనా పొద్దున్నుంచి తలలు లెక్కపెడుతూనే ఉంది. ఇరవై మందీ కళ్ళెదుటే ఉన్నారు. సోమవారం తెల్లారుతూనే బుట్ట తీసుకుని బయల్దేరాలి, అంతే.

భోజనాల వేళకు విక్తోరస్ కారు వచ్చింది. వెనక తలుపు తెరిచి మూడు బుట్టలు దించాడు. మూడింటి నిండా గోధుమరంగు టోపీలే. పొయ్యి వెలిగించి, పుట్టగొడుగులు తరిగి, బంగాళాదుంపలూ మీగడా వేసి పెద్ద కుండెడు సూపు కాచాడు. ఈల వేసుకుంటూ మరీ కాచాడు. వాసన మైదానమంతా కమ్ముకుంది. ఎక్కడివని ఒక్కరూ అడగలేదు. అడగరు కదా. జీతా మొహం మాత్రం పాలిపోయింది. లియోనస్ తన చెంచా వంకే చూస్తూ కూర్చున్నాడు.

విక్తోరస్ పొగలు కక్కుతున్న మొదటి గిన్నె తెచ్చి ఆల్డోనా చేతుల్లో పెట్టాడు.

"ముందు మీరు తినాలి పిన్నీ. రెండేళ్ళు బతిమాలినా ఈ ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. బోర్డు మీద పేర్లు రాసేసరికి ఎవరి చోటు వాళ్ళే అరిచి మరీ చెప్పారు."