రెండో బహుమతి

"ముందుకెళ్ళవయ్యా బార్నబీ, దారి వదిలాను కదా!" అని కసిరాను.

"నువ్వే పో," అంటూ అతనూ నెమ్మదించాడు.

ఇంగ్లండులోని కవెంట్రీలో ఆ ఏటి ఆఖరి సైకిల్ పందెం, ఆఖరి చుట్టు. మిగతావాళ్ళు బాగా వెనకబడ్డారు. మనిషెత్తు ముందుచక్రాల సైకిళ్ళు మావి. ఇంకాస్త నెమ్మదిస్తే ఇద్దరం బోర్లా పడతాం. జనం ఈలలు వేసి గోల చేస్తున్నారు.

మొదటి బహుమతి గోడగడియారం. రెండోది ఉన్ని కంబళ్ళు. నా గోడల నిండా ఇదివరకు గెలిచిన గడియారాలే, కప్పుకోవడానికి మాత్రం చిరుగుల దుప్పటి ఒక్కటే. గడియారం అమ్ముకుందామంటే, డబ్బు కోసం తొక్కేవాడని క్లబ్బు గెంటేస్తుంది.

"పట్టుచొక్కా దొరబాబువి, నీకెందుకయ్యా కంబళ్ళు?"

"చొక్కా క్లబ్బుది. నిన్ననే మా ఆవిడ ప్రసవించింది. బిడ్డని నా కోటులో చుట్టి వచ్చాను."

బార్నబీ మీద, క్లబ్బు మీద, నా మీద మండిపోతూ, పళ్ళు కొరుక్కుంటూ తొక్కాను.

ఇంత కసిగా గెలిచినవాణ్ణి ఎన్నడూ చూడలేదంటూ జనం లేచి చప్పట్లు కొట్టారు.

నా భార్య హెట్టీ మాత్రం చలికి చంకల్లో పెట్టుకున్న చేతులు బయటికి తియ్యలేదు.