నాలుగు పువ్వులు

"ఆ ఫోటోలో ఉన్నది నువ్వేగా?"

స్టేడియం కాపలాదారు ఓమెల్కో వేలు గేటు గది గోడకున్న పలక వైపు తిరిగింది. స్టేడియంలో అడుగు పెట్టకూడని వాళ్ల ఫోటోలు దాని మీద పదకొండున్నాయి. సరిగ్గా ఒక జట్టుకి సరిపడా.

"నేనే తాతా. అప్పట్లో జుట్టు కాస్త ఎక్కువుండేది" అన్నాడు యారెమా.

పాతికేళ్లుంటాయేమో. బూట్ల నిండా బురద. వెనకాల అద్దం పగిలిన వ్యాను. మెడలో ఫుట్‌బాల్ క్లబ్బు మఫ్లర్, దాని ఒక కొస చీలికలు పేలికలుగా ఉంది.

"లైటు స్తంభం ఎక్కి కూర్చుంది నువ్వే. కిందికి దింపడానికి ఫైరింజన్ రావాల్సొచ్చింది. నా ఉద్యోగం ఊడినంత పనైంది!"

"యుద్ధానికి ముందు సంగతి తాతా అది. చివరి పావుగంట చూసి పోతా. రేప్పొద్దున మళ్లీ బయల్దేరాలి."

"జీవితకాలం రావద్దన్నారు. జీవితకాలం అంటే జీవితకాలమే."

"యుద్ధమొచ్చినా?"

"ఏమొచ్చినా. ఆ మఫ్లరేంటి, ఎలుకలు కొట్టాయా?"

"మేక తినేసింది."

"పెద్దవాడితో వేళాకోళమా?"

యారెమా నవ్వాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"ఇంట్లో అంతా బాగున్నారా తాతా?"

"నన్ను కాకా పట్టకు. నడు!"

యారెమా నడిచాడు. వ్యానుని ప్రహరీ పక్కన ఆపి, దాని పైకెక్కి నిలబడ్డాడు. అక్కడినుంచి మైదానం కనిపించదు. అయినా అభిమానులందరికీ తెలిసిన లెక్కలో చప్పట్లు మొదలుపెట్టాడు. రెండు, మూడు, నాలుగు. ఆగి, మళ్లీ మొదటినుంచి.

లోపల ఉన్నది మూడొందల మంది. సైరన్ మోగితే బంకర్లో పట్టేది అంతమందే కాబట్టి టికెట్లూ అన్నే. ఆ మూడొందల మందీ గోడవతలి చప్పట్లకి చప్పట్లతో జవాబిచ్చారు. ఓమెల్కో కాలు తనకి తెలియకుండానే తాళం వేసింది. రెండో కాలితో దాన్ని తొక్కిపట్టాడు.

ఇంటికి వెళ్లాక అతని గోల ఎప్పుడూ ఉండేదే.

"పిచ్చుక జాడ తెలిసిందా మోత్రియా?"

నెల కిందట అతని భార్య మోత్రియా, ఆమె చెల్లెలు వెర్బివ్కా అనే ఊళ్లో ఇరుక్కుపోయారు. పైనుంచి షెల్స్ పడుతున్నాయి. బస్సు లేదు, అంబులెన్స్ రానంది. ఆరు రోజులు ఓమెల్కో ముద్ద దిగక, కునుకు పట్టక బతికాడు. ఏడో రోజు ఎవడో వలంటీరు వెళ్లి ఇద్దరినీ వ్యానులో తెచ్చి, వీధి చివర దింపి, మరొకరి కోసం వెళ్లిపోయాడు.

"అసలు పేరైనా అడగాలి కదే!"

"అడిగాగా. అందరూ పిచ్చుక అంటారు, అది చాలు అన్నాడు. మా చుట్టూ పిడుగులు పడుతుంటే, బామ్మా పాట పాడు అని నన్ను ఆటపట్టించాడు. ఏం మనిషో!"

"నాకు దొరకనీ. భుజాల మీద కూర్చోబెట్టుకుని మైదానమంతా తిప్పకపోతే నా పేరు ఓమెల్కో కాదు."

ఉత్తమాట కాదది. రొట్టెల క్యూలో అడిగాడు, ఆస్పత్రిలో అడిగాడు, సెలవు మీదొచ్చిన సైనికులనీ అడిగాడు. రుణం తీర్చుకోవాలని కాదు. అలాంటి మనిషిని ఒక్కసారి కళ్లారా చూడాలని.

రెండు వారాల తర్వాత ఇంకో మ్యాచ్. ఎప్పుడూ స్టేడియం వైపు రాని మోత్రియా ఆ మధ్యాహ్నం గేటు దగ్గరికొచ్చింది. చేతిలో తెల్ల చామంతులు.

"పిచ్చుక జాడ తెలిసింది" అంది.

ఓమెల్కో ఎగిరి లేచాడు. "ఎక్కడ? ఇక్కడికే తీసుకురాకపోయావా!"

అప్పుడు పూలవైపు చూశాడు.

"నాలుగేంటే? మతి పోయిందా? ఒకటి తీసెయ్. బతికున్నవాళ్లకి సరిసంఖ్య ఇస్తారా ఎవరైనా?"

మోత్రియా పువ్వు తీయలేదు.

"లెక్క తప్పలేదు ఓమెల్కో."

అతను టోపీ తీసి కుర్చీలో కూలబడ్డాడు.

"మళ్లీ వెర్బివ్కాకే వెళ్లాడట. మంచం పట్టిన ముసలామెని మోసుకొచ్చి వ్యానెక్కించాడు. తలుపు వేస్తుంటే షెల్ పడింది. ఆమె బతికింది."

"ఒక్కసారి చూడలేకపోయానే" అన్నాడు ఓమెల్కో.

లోపల జనం లేచి నిలబడ్డారు. టోపీలు చేతుల్లోకి తీసుకుని తలలు వంచారు. తర్వాత చప్పట్లు. రెండు, మూడు, నాలుగు. ఆగారు. మూడొందల మందీ ప్రహరీ వైపు తిరిగి జవాబు కోసం ఆగారు.

గోడవతలినుంచి ఏమీ రాలేదు.

ఓమెల్కో కుర్చీలోంచి లేచాడు. ఎందుకో అర్థమయ్యేలోపే మోత్రియా గదిలోకి వచ్చి పలక ముందు నిలబడింది.

"పిచ్చుక ఫోటో నీకెక్కడ దొరికింది? నాతో చెప్పనేలేదే!"

ఆమె వేలు యారెమా మీద ఉంది.

ఓమెల్కో ఫోటో దగ్గరికి వచ్చాడు. "మేక..." అన్నాడు.

"చెల్లెలి మేక. అది లేందే రానంటే, దాన్ని కూడా ముందు సీట్లో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా మఫ్లర్ నమిలేసినా పల్లెత్తు మాటనలేదు పిల్లాడు." మోత్రియా కళ్లు తుడుచుకుంది. "నేనేమో దారి పొడుగునా నీ గొప్పలే చెప్పా. స్టేడియం గేటు దగ్గరుండేది మా ఆయనే, ఎప్పుడొచ్చినా మోత్రియా పంపిందని ఒక్క మాట చెప్పు, చేయి పట్టుకుని లోపల కూర్చోబెడతాడు అన్నా. రాలేదా నీ దగ్గరికి?"

"వచ్చాడు" అన్నాడు ఓమెల్కో. "నీ పేరు ఎత్తలేదు. ఇంట్లో అంతా బాగున్నారా అని మాత్రం అడిగాడు."