పోయొస్త

పడవ కదలగానే ఒడ్డున నిలబడ్డ పిల్లలంతా గొంతు కలిపి అరిచారు. “పోయి రా, మిస్.”

మాల్దీవుల్లోని ఆ చిన్న దీవిలో స్వరూప ఇంగ్లిషు టీచరు. ఇంటి నుంచి కదిలేటప్పుడు ‘పోతున్న’ అనకూడదని, ‘పోయొస్త’ అనాలని, దానికి ‘పోయి రా’ అని బదులివ్వాలని పిల్లలకు తనే నేర్పింది. ఏటా సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు అదొక ఆటలా సాగేది.

ఈసారి ఆమె ఉద్యోగం మానేసి వచ్చేస్తోంది. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఎప్పటిలాగే “పోయొస్త,” అని చెయ్యి ఊపి పడవెక్కింది.

పసిపిల్లలతో ఆడిన ఆ అబద్ధం, డోర్నకల్‌లో రైలు దిగేదాకా ఆమె వెంటే వచ్చింది.

స్టేషన్‌కు అక్క వచ్చింది. అక్క వెనకాల అమూల్య. పాలు మరిచిన నాటి నుంచి పెద్దమ్మ దగ్గరే పెరిగిన కూతురు.

“ఇగ యాడికీ పోను బిడ్డా. నీతోనే ఉంట.”

అమూల్య తలూపింది. సూట్‌కేసు వైపు ఒకసారి చూసింది.

మర్నాడు పొద్దున బడి సంచి భుజానికి తగిలించుకుని గడప దగ్గర ఆగింది. “పోతున్న, అమ్మా.”

స్వరూప వంటింట్లోంచి గబగబా వచ్చింది. “గట్ల అనొద్దు బిడ్డా. పోయొస్త అనాలె. పెద్దమ్మ చెప్పలేదా?”

“చెప్పింది. గని పోయొస్త అని నువ్వంటవ్ గద, సెలవులు అయిపోంగనే.”

చెప్పులు వేసుకుని తల్లి ముఖంలోకి చూసింది. ధైర్యం చెబుతున్నట్టు నెమ్మదిగా అంది.

“నేను గంత దూరం పోతలేనమ్మా. బడి ఇడ్సంగనే వస్త.”