దేవసహాయం బొమ్మ

“మా తాతను చంపినోని బొమ్మ రూపాయి బిళ్ళ మింద ఏస్తారా? దానికి మేము సంతకం పెట్టల్లనా?” నారాయణ కాగితాన్ని జీవిత ముందుకే తోసేశాడు.

జీవిత ప్రొద్దుటూరులో చరిత్ర లెక్చరర్. ఈ సంతకం కోసమే పొద్దున్నే బస్సెక్కి తొండూరు దగ్గరి ఈ పల్లెకు వచ్చింది. దేవసహాయం ఆమెకు ముత్తాత. తెల్లదొరల కాలంలో ఈ ఊరి మిషన్ బడి పంతులు. కరువు ముదిరిన ఏడు, పట్టపగలు ఊరి జనాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఈ ఇంటి ధాన్యపు కొట్టు తెరిపించాడు. ఆ గొడవలో ఇంటి యజమాని మిద్దె మెట్ల మీది నుంచి పడి చనిపోయాడు. తోసి చంపాడని దేవసహాయాన్ని ఉరి తీశారు.

ఆయన పేరిట స్మారక నాణెం వేయాలని జమ్మలమడుగులో కొందరు కలిసి ఢిల్లీకి అర్జీ తయారుచేశారు. చనిపోయినాయన కుటుంబం కూడా ఒప్పుకుంటేనే అర్జీకి బలమని వకీలు చెప్పాడు.

“ఆ పొద్దు మూడు నూర్ల మంది కడుపు నిండింది పెద్దాయనా. లేకుంటే సగం మంది పోయేటోళ్ళు,” అంది జీవిత.

“కాదనలే. గింజలు పంచినందుకు దండం పెడతా. మా కొట్టులోవే అయినా పెడతా. కానీ చేతికి నెత్తురంటినోడు గాంధీతాత సరసన యాడ నిలబడతాడు మేడమ్? రేపు మా మనవడు ఆ బిళ్ళ చూసి ఈయప్ప ఎవురని అడిగితే ఏం చెప్పల్ల?”

జీవిత ఇంట్లో అందరూ ముత్తాత గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఈ చావు ప్రస్తావన వస్తే మాత్రం తలలు దించుకునేవాళ్ళు.

“కోర్టు కాగితాలన్నీ చదివినా,” అంది జీవిత. “తప్పు నాదేనని మా ముత్తాత ఒక్క మాట చెప్పినాడు. ఇంకేం అడిగినా నోరు తెరవలే.”

“ఆ కాగితం ఇట్లియ్యమ్మా.”

వసారాలో మంచం మీద నుంచి మునెమ్మ చేయి చాచింది. నారాయణ తల్లి. తొంభై దాటింది. ఆ రోజు చనిపోయినాయన ఒక్కగానొక్క కూతురు.

“నీకెందుకుమ్మా ఇది? సచ్చింది నీ నాయన,” అన్నాడు నారాయణ.

“అందుకే ఇమ్మంటాండా.”

జీవిత కాగితం, పెన్ను అందించింది. మునెమ్మ కాగితాన్ని తొడ మీద పరుచుకుని, ఒక్కో అక్షరం దిద్దుతూ పేరు రాసింది. రాసిందాన్ని కాసేపు చూసుకుంది.

“ఆయప్ప నేర్పిచ్చిన అక్షరాలే ఇవి. ఆడపిల్లకు సదువెందుకని మా నాయన కసురుకుంటే, ఇంటికొచ్చి బతిమాలి బడికి పిల్సకపోయినాడు. శానా గట్టి మనిషి. ఉరికొయ్య దంకా పోయినా నా పేరు చెప్పలే.”

“నీ పేరెందుకు చెప్తాడు?” నారాయణ నవ్వబోయి ఆగిపోయాడు. “అప్పటికి నీకు పదేండ్లు కదా.”

మునెమ్మ పెన్ను మూత పెట్టి జీవిత చేతికిచ్చింది.

“మా నాయన మిద్దె మెట్ల మింద నిలబడి జనం మిందికి తుపాకి ఎత్తినాడు. ఎనక నుంచి తోసింది నేను.”