తోడల్లుళ్ళ రాయి

"ఆపుతావా, తల పగలగొట్టమంటావా?" స్పానర్ ఎత్తి పట్టుకుని అడిగాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు మిషన్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "పగలగొట్టు. రాయి ఎలాగూ పగిలిపోయింది."

ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళను కట్టుకున్న ఆ సైంటిస్టులిద్దరూ ఒకే ల్యాబులో, ఒకే రాయి కోసం కొట్టుకుచస్తున్నారు. సముద్రం అడుగునున్న కొండ మీంచి తెచ్చిన బసాల్టు నల్లరాతిలో మిగిలిన ఆఖరి ముక్క అది. భూమి లోతుల్లోంచి స్తంభంలా తన్నుకొచ్చిన వేడి ప్లూమే ఆ కొండను పుట్టించిందని పెద్దల్లుడు దేశాలు పట్టుకు తిరిగి చెప్పాడు. ప్లూమూ లేదు, గీమూ లేదు, పైపైన కరిగిన మామూలు రాయేనని చిన్నల్లుడు వాదిస్తున్నాడు. తేల్చాల్సింది ఆ రాతిలో చిక్కుకున్న హీలియం. దాని రెండు ఐసోటోపుల నిష్పత్తి గాలిలో ఉన్నదానికి ఎనిమిది రెట్లుంటే చిన్నవాడు గెలిచినట్టు, ఇరవై దాటితే పెద్దవాడు. చెప్పాపెట్టకుండా ఆ ముక్కను హీలియం కొలిచే మిషన్‌లో వేసి నలిపేశాడు చిన్నల్లుడు.

"నా బతుకంతా అందులో ఉందిరా."

"మరి భయమెందుకన్నయ్యా? ఎనిమిదొస్తే మా పిల్లలకి ట్యూషన్ చెప్పుకుందువుగాని."

స్పానర్ దిగింది. భుజం ఎముక పుటుక్కుమంది. చిన్నల్లుడు రెండో చేత్తో స్టూలు అందుకుని మొహం మీద బాదాడు. పెద్దల్లుడి పన్ను ఊడి ఎక్కడో గాజుసామాన్ల మధ్య పడింది. ఇద్దరూ కలబడి బల్లమీద దొర్లారు. చిన్నల్లుడి వేళ్ళు మెడ చుట్టూ బిగిశాయి. పెద్దల్లుడికి కళ్ళు బైర్లు కమ్మాయి. గుడ్డిగా స్పానర్ విసిరి కొట్టాడు. వేళ్ళు వదిలాయి. చిన్నల్లుడు మిషన్ మీద ఎర్రటి చార గీసుకుంటూ జారి, కదలకుండా పడిపోయాడు.

పెద్దల్లుడు రక్తం ఉమ్మి, మిషన్ ప్లగ్గు పీకడానికి వంగాడు. తెరమీద అంకె వెలిగింది. తొమ్మిది. చెయ్యి ప్లగ్గు మీదే ఆగింది. పద్నాలుగు. పంతొమ్మిది. అలా పాకి పాకి ఇరవై మూడు దగ్గర కుదురుకుంది.

గెలిచాడు.

కేక పెట్టబోయి చుట్టూ చూశాడు. ఎవరికి చెప్పాలి? ఇంట్లో ఆవిడకి హీలియం అంటే పుట్టినరోజు బుడగలు. ఈ అంకె విలువ తెలిసినవాడు, వింటే కుళ్ళి చచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు కాళ్ళ దగ్గర పడి ఉన్నాడు.

"ఒరేయ్, ఇరవై మూడొచ్చిందిరా. లే."

కాలరు పట్టి కుదిపాడు. తల వేలాడింది. చొక్కా విప్పి వాడి నెత్తికి అదిమిపెట్టాడు.

"తమ్ముడూ, నీకు దణ్ణం పెడతాను. కళ్ళు తెరువు. ఇరవై మూడు వద్దు, ఏమీ వద్దు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను?"

చిన్నల్లుడి పెదాలు కదిలాయి. పెద్దల్లుడు వెక్కుతూ వంగి చెవి ఆనించాడు.

"చెప్పు నాయనా. మరదలితో ఏం చెప్పమంటావు?"

"అదంతా తర్వాత," అన్నాడు చిన్నల్లుడు, రక్తం గుటకవేసి. "ముందు ఆ ఇరవై మూడు చూపించిన మిషన్ సరిచూశావా, అన్నయ్యా?"